బస్సు మీది పిల్ల

వేసవి సెలవుల్లో బడిబస్సు నడపడం హాయైన పని అనుకునేవాళ్లు మే నెలలో ఒక్కరోజు దేవిదాస్ పక్కన కూర్చుని చూడాలి. బస్సులో పిల్లలుండరు, నిజమే. పిల్లల కోసం వేట ఉంటుంది. పొద్దున్నే బాన్సువాడలో టీచర్లను ఎక్కించుకుని, పైన మైకు కట్టుకుని, ఒకరోజు వర్ని వైపు, ఇంకోరోజు పిట్లం వైపు పోవాలి. టీచర్లు ఊళ్లో గడప గడపా తిరిగి మీ పిల్లలను మా బడిలో చేర్పించండని బతిమాలుతారు. ఎక్కువమందిని తెచ్చినవాళ్లకు జూన్‌లో ఉద్యోగం ఉంటుంది, తేలేనివాళ్లకు ఉండదు. డ్రైవర్‌కు ఆ బాధ లేదు. కానీ దేవిదాస్‌కు ఇంకో పని ఉంది. అది జీతంలో లేని పని.

బస్సు వెనక అద్దం మొత్తం కప్పేస్తూ ఒక ఆడపిల్ల ఫోటో ఉంటుంది. రెండు జడలు, టై, నవ్వాలా వద్దా అని ఆగిపోయినట్టున్న మొహం. పైన ‘మా బడి ఆణిముత్యం’ అనీ, కింద ఆరువందలకు అయిదువందల డెబ్బై ఒకటి అనీ పెద్ద పెద్ద అక్షరాలు. ఆ పిల్ల ప్రియదర్శిని, దేవిదాస్ కూతురు. పోయినేడాది పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికే ఆ ఫోటో బస్సెక్కింది. ఈ ఏడు బడిలో ఎవరికీ అన్ని మార్కులు రాలేదు. అందుకని కరస్పాండెంట్ విజయ్‌కుమార్ సార్ దాన్ని తీయించలేదు. మూలకున్న సంవత్సరం మీద మాత్రం ఒక స్టిక్కర్ అంటించి ఊరుకున్నాడు.

ఆ రోజు వర్ని దగ్గర ఒక క్యాంపుకు పోయారు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ నీళ్ల కింద స్థిరపడిన రైతుల ఊరు. యాసంగి వడ్లు రోడ్డుకు ఒక పక్కంతా ఆరబోసి ఉన్నాయి. వడ్ల మీదికి చక్రం ఎక్కకుండా దేవిదాస్ బస్సును మెల్లగా నడిపించి ఒక పెద్ద డాబా ముందు ఆపాడు. సార్ కూడా ఆ రోజు కారు వదిలిపెట్టి బస్సులోనే వచ్చాడు. ఎనిమిదో తరగతికి వచ్చే ఆడపిల్ల ఉన్న ఇల్లది. తల్లి గుమ్మంలోనే నిలబడి, ఇప్పటికే వేరే బడివాళ్లు ఇద్దరు వచ్చి వెళ్లారని చెప్పింది.

"రానియ్యండమ్మా, రావద్దంటలేను," అన్నాడు సార్. "వాళ్లు కాగితాలు చూపిస్తరు. నేను మనిషిని చూపిస్త. ఓ దేవిదాసన్నా, జర ఇటు రా."

జీతంలో లేని పని ఇదే. దేవిదాస్ బస్సు దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు.

"బస్సు మీద పిల్లను చూసిండ్రు గదా? ఆ పిల్ల తండ్రి ఈయననే. మా డ్రైవరు. తల్లి బీడీలు చేస్తది. డ్రైవర్ బిడ్డ గన్ని మార్కులు తెచ్చిందంటే, మీ పాపకు రావా?"

ఆ మాట ఎక్కడ అన్నా జనం మొదట బస్సు వైపు, తర్వాత దేవిదాస్ వైపు చూస్తారు. పోలిక వెతుక్కుంటారు. ఆమె కూడా వెతికింది.

"ఇప్పుడేం చదువుతుందండీ మీ అమ్మాయి?"

అడిగింది దేవిదాస్‌ని. జవాబు సార్ చెప్పాడు. "హైదరాబాద్‌ల ఉన్నదమ్మా. పెద్ద కార్పొరేట్ కాలేజీ. ఎంపీసీ. ఇంజనీరింగ్‌ల మంచి సీటు గ్యారంటీ అని వాళ్లే ఫోన్ చేసి చెప్తున్నరు."

"అవునాండీ?" అని ఆమె మళ్లీ దేవిదాస్‌నే అడిగింది. ఆడమనిషికి ఏదో అనుమానం తగిలినట్టుంది. లేదా ఒక తండ్రి నోటి నుంచి వినాలనిపించిందేమో. దేవిదాస్ తల ఊపాడు. మొదటి ఊళ్లో ఊపినప్పుడు మెడ పట్టేసినట్టు అనిపించింది కానీ ఇప్పుడు సునాయాసంగా ఊగుతోంది.

"అదృష్టవంతులండీ," అని ఆమె లోపలికి పోయి గ్లాసెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మజ్జిగ చల్లగా, కొత్తిమీర వేసి, ఎంతో బాగుంది. బాగుండడమే అతనికి కష్టమైపోయింది. గ్లాసు తిరిగి ఇస్తూ ఆమె మొహం చూడకుండా బస్సెక్కాడు. సార్ ఆ ఇంటి పిల్ల పేరు రాసుకుని నవ్వుతూ వచ్చాడు.

ఆ ‘హైదరాబాద్‌ల ఉన్న’ పిల్ల దసరా నుంచి బాన్సువాడలో ఇంట్లోనే ఉంది. హాస్టల్లో జ్వరం పట్టుకుని వదల్లేదు, చదువు ఎక్కలేదు, తిరిగొచ్చేసింది. ఆలస్యమైనా బతిమాలుకుంటే ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చుకున్నారు. మార్చిలో పరీక్షలు రాసింది. లెక్కలూ ఫిజిక్సూ పోయాయి.

దేవిదాస్ ఇంటికి వచ్చేసరికి భార్య ప్రేమల వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కత్తెరతో తునికాకును చకచకా కత్తిరిస్తోంది. పక్కన పక్కింటి భూమవ్వ కూడా తన చాటతో కూర్చుంది. ఆమె ముసలిదైనా చేతివేళ్లు మాత్రం పడుచువే. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేస్తుంది. మాట్లాడుతూనే చుడుతుంది. మాట్లాడకుండా ఎప్పుడూ చుట్టదు.

"ఏం దేవిదాసు, పోరి ఇయ్యాల గూడ బయటికి రాలే," అంది భూమవ్వ. "ఇంట్ల ఉట్టిగ కూసుంటే పానం పాడైతది. జర చాట పట్టియ్యుండ్రి. చేతుల పనుంటే మనసు కుదురుతది."

ప్రేమల కత్తెర ఆగింది. భూమవ్వ చెడు కోరి అనలేదు, ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. కానీ ఆ మాటకు ప్రేమల మొహం మాడిపోయింది. తన చాట దగ్గరికి కూతురిని ఒక్కనాడూ రానివ్వలేదామె. చిన్నప్పుడు ఆటకు ఆకు పట్టుకుంటే చేతిమీద కొట్టింది. ఇప్పుడు తానే పిలిచి కూర్చోబెట్టే రోజు వస్తుందేమోనన్నది ఆమె దిగులు.

భూమవ్వ లేచిపోయాక అంది. "శుక్రారం నాడు లెక్కల పరీక్ష. పోనంటున్నది. గట్టిగ అడిగితే తలుపేసుకున్నది."

"ఫెయిలైనా రెండో సంవత్సరానికి పంపుతరట గదా."

"పంపుతరు. పోయే పిల్ల గావాలె గదా. ఇప్పుడు గడప దాటకుంటే జూన్‌ల దాటుతదా? నీకు తెల్వదా ఏంది?" కత్తెర మళ్లీ ఆడింది. "బిడ్డను ఊరూర తిప్పుతున్నవ్. ఇంట్లున్న బిడ్డ మాత్రం వాకిట్లకు వస్తలేదు."

దేవిదాస్‌కు చర్రుమంది. కానీ కోపం వచ్చింది ఆమె మీదో తన మీదో తేలక, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. గదిలో కూలర్ ముందు ప్రియ నేలమీద కూర్చుని ఉంది. ముందు పుస్తకం తెరిచి ఉంది. ఆ పేజీ మీద తునికాకు పొడి పల్చగా పడి ఉంది. అంటే చాలాసేపటి నుంచి పేజీ తిరగలేదు. హాస్టల్ జ్వరానికి ఊడిన జుట్టు ఇప్పుడిప్పుడే చెవుల దాకా వచ్చింది. బస్సు మీది పిల్లకూ ఈ పిల్లకూ పోలిక చెప్పమంటే అతనే తడబడతాడు.

"రేపు నీ పుట్టినరోజు గదా బిడ్డా. ఏం గావాలె?"

ఏమీ వద్దంటుందనుకున్నాడు. ఆమె వెంటనే చెప్పింది, ఎన్నాళ్లుగానో నోట్లో పెట్టుకున్న మాటలాగా. "బస్సు మీదికెళ్లి నా ఫోటో తీసెయ్ బాపు."

"ఫోటోనా?"

"తీసేస్తే పరీక్షకు పోత. లేకుంటే పోను." గొంతు పెంచలేదు. "మార్చిల పరీక్ష రాసి బయటికొస్తుంటే నీ బస్సు కాలేజీ ముంగటనే ఉండె. అందరు దాన్ని చూసుడు, నన్ను చూసుడు. ఆణిముత్యం వచ్చిందిరో అని ఒకటే నవ్వుడు. ఇగ ఇప్పుడు ఫెయిలైన ఆణిముత్యం. నేను పోను."

దేవిదాస్ ఆమె పక్కన కూర్చున్నాడు. అడిగింది బంగారం కాదు, బండి కాదు. అద్దం మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం. తన బస్సు. రోజూ తనే కడిగే అద్దం. ఒక బ్లేడు పట్టుకుంటే గంటలో గీకేయొచ్చు. కానీ బస్సు తనది కాదు.

"పొద్దుగాలనే సార్‌తోని మాట్లాడుత," అన్నాడు. ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు. నమ్మాలన్న కోరిక మాత్రం ఉంది.

పుట్టినరోజు పొద్దున ప్రేమల కూతురికి తలంటు పోసింది. దేవిదాస్ చాయ్ కూడా తాగకుండా బడికి పోయాడు. విజయ్‌కుమార్ సార్ తన గదిలో మండలం పటం ముందేసుకుని, ఆ రోజు తిరగాల్సిన ఊళ్లకు గుండ్రాలు చుడుతున్నాడు. చెడ్డవాడేం కాదు. జీతం ఆలస్యం చేయడు, పండగకు బట్టలు పెడతాడు. ప్రియకు పదో తరగతి దాకా ఫీజులో సగం తగ్గించాడు. ఫలితాలు రాగానే హైదరాబాద్ కాలేజీ ఏజెంటును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది కూడా ఆయనే. ‘గిసొంటి తెలివిని బాన్సువాడల పాతిపెడతావన్నా’ అని దేవిదాస్‌ను నిలదీశాడు. ఎంతమందిని పంపితే ఆ కాలేజీ ఈయనకు ఏం ఇస్తుందో టీచర్లు గుసగుసలాడుకుంటుంటే దేవిదాస్ విన్నాడు. వినీ విననట్టు ఊరుకున్నాడు.

"సార్, ఒక మాట. బస్సు మీద మా ప్రియ ఫోటో తీసేద్దామా?"

సార్ పెన్ను ఆగలేదు. "ఎందుకన్నా?"

"పరీక్షుంది సార్ ఎల్లుండి. బయటికి రాను అంటున్నది. అందరు చూస్తరని."

"చూస్తె ఏమైతది? చూడాలనే గదా పెట్టినం." నవ్వాడు. తర్వాత తల ఎత్తి, గొంతు తగ్గించి, "సప్లిమెంటరీ రాస్తున్న ముచ్చట బయట ఎవ్వరికన్నా చెప్పినవా?" అన్నాడు.

"లేదు సార్."

"చెప్పకు. ఆ పిల్లకే నామోషీ." మళ్లీ పటంలో పడ్డాడు. "తీస్తె ఎవరి ఫోటో పెట్టాలె చెప్పు, నీదా? జూన్‌ల బడి తెరువంగనే నేనే తీపిస్త. అప్పటిదాకా ఓపిక పట్టు. అడ్మిషన్లు లేకుంటే బస్సు లేదు. బస్సు లేకుంటే నువ్వు లేవు. నేనూ లేను."

అక్కడితో వచ్చేయాల్సింది. కానీ ఇంట్లో కూతురి చూపు గుర్తొచ్చింది. ఉత్తచేతులతో పోలేక, ఆఖరి ప్రయత్నంగా నోరు జారాడు. "ఇయ్యాల దాని పుట్టినరోజు సార్. అది అడిగింది గిదొక్కటే."

పెన్ను పక్కన పెట్టాడు సార్. లేచి వచ్చి దేవిదాస్ భుజం మీద చెయ్యి వేశాడు. "పుట్టినరోజా? మరి చెప్పవేందన్నా! ఎన్నేండ్లు?"

"పదహారు నిండినయి."

"మన బడి బిడ్డ పుట్టినరోజు మనం చెయ్యకుంటే ఎట్ల? సాయంత్రం నేను, సిరీష మేడం వస్తం. కేకు నాది." దేవిదాస్ ఏదో అనబోయాడు. సార్ అప్పటికే ఫోన్ తీసి ఫోటో వెతుకుతున్నాడు. మంచితనం కూడా ఒక్కోసారి మీద పడే రాయిలాగా వస్తుంది, తప్పుకోవడానికి చోటు దొరకదు. ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు ఇంకెప్పుడూ నిజం చెప్పకూడదని దేవిదాస్‌కు ఆ క్షణంలో అనిపించింది.

మధ్యాహ్నం పిట్లం వైపు ఊళ్లు తిరిగి వచ్చి బస్సును ఇంటి సందు మొదట్లో ఆపాడు. సార్ ఏమన్నాడో ప్రేమలకు చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రానీ. వచ్చినప్పుడు గుమ్మంల్నే చెప్పు, పిల్లకు పానం బాగలేదని. గంత మాత్రం చెప్పలేవా?"

"చెప్త. గంత మాత్రం ఎందుకు, నీ బస్సు నువ్వే నడుపుకో అని తాళం గూడ ఇచ్చేస్త." నిజంగానే అన్నాడు. బస్సు తాళంచెవిని జేబులోంచి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. వాళ్లు వచ్చేదాకా ఆ గుప్పిట విప్పలేదు. లోపలి నుంచి ప్రియ అంతా విన్నదని అతనికి తెలుసు.

సాయంత్రం వచ్చిన సార్ వెనక సిరీష మేడం, ఆమె చేతుల్లో పెద్ద అట్టపెట్టె. మేడం పోయినేడు బడిలో చేరిన చిన్నమ్మాయి. జూన్‌లో ఉంటుందో లేదో తెలియని టీచర్లలో ఒకతె. "పుట్టినరోజు పిల్ల ఏది?" అని సార్ గడప దాటి వచ్చేశాడు. దేవిదాస్ ఎదురు నిలబడ్డాడు. "సార్, పిల్లకు..." అన్నాడు. గుప్పిట్లో తాళంచెవి చెమటకు జారుతోంది.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. ప్రియ కొత్త డ్రెస్సు వేసుకుని బయటికి వచ్చి, "నమస్తే సార్, నమస్తే మేడం," అంది. చాపలు పరిచింది. స్టూలు లాగి మధ్యలో పెట్టింది. నెలరోజులుగా గది దాటని పిల్ల, రోజూ చుట్టాలకు మర్యాదలు చేసే పిల్లలాగా తిరిగింది. దేవిదాస్ గోడ వైపు జరిగాడు.

మేడం పెట్టె తెరిచింది. కేకు మీద ఫోటో ముద్రించి ఉంది. బస్సు మీది ఫోటోనే. రెండు జడలు, టై, ఆగిపోయిన నవ్వు. చుట్టూ గులాబీరంగు క్రీము.

"జడలు వేసుంటే బాగుండు, ఫోటోకు మ్యాచింగ్ అవుతుండె," అన్నాడు సార్.

"ఏడున్నయి సార్ జడలు?" అంది ప్రేమల. అంతే అంది. సార్‌కు వినపడలేదో, వినపడనట్టున్నాడో.

కొవ్వొత్తి వెలిగించారు. దేవిదాస్ గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. పోయినేడు ఇదే రోజు ఇదే ఇంట్లో మిఠాయి పంచారు. మార్కులు వచ్చిన సంబరం, పుట్టినరోజు సంబరం కలిసి వాడంతా వచ్చింది. హాస్టల్‌కు కావలసిన బకెట్టు, పెట్టె, దుప్పటి ఆ గోడ పక్కనే ఉండేవి. మళ్లీ దసరాకు ఆ బకెట్టు పట్టుకుని హాస్టల్ గేటు బయటికి వచ్చిన పిల్లను అతను గుర్తుపట్టలేదు. చున్నీ తలకు కప్పుకుని ఉంది. బస్సులో చున్నీ జారితే మాడు కనపడింది. ఏమైందని అడిగాడు. పిట్లం దాటేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. దాటాక ‘ఇంటికి చీకటి పడ్డంక పోదాం బాపు’ అంది. ఒక్క ఏడాది. పొలంలో అయితే రెండు పంటలు వచ్చిపోయే కాలం. తన బిడ్డ మీద నుంచి మాత్రం ట్రాక్టర్ పోయినట్టు పోయింది. ఈ ఏడాదంతా తాను చేసిందేమిటని చూసుకుంటే, బస్సు నడిపాడు.

"ఏడ కొయ్యాలె మేడం?" అని అడుగుతోంది ప్రియ.

"ఎక్కడైనా కొయ్యమ్మా," అంది సిరీష మేడం. ఆమె కళ్లు దించుకుంది.

ప్రియ కత్తిని టై దగ్గర పెట్టి మెడమీదుగా తిన్నగా పైకి కోసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి ముక్క సార్ నోట్లో పెట్టింది. సార్ మేడానికి సైగ చేశాడు. మేడం ఫోన్ ఎత్తి పట్టుకుంది. "రెండు మాటలు చెప్పమ్మా. ఇప్పుడు చదివే పిల్లలకు స్ఫూర్తిగా ఉంటది."

దేవిదాస్ గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రియ అతని వైపు చూడకుండానే మొదలుపెట్టింది. రేడియోలో వార్తలు చదివినట్టు, ఒక్క అక్షరం తప్పకుండా.

"నా పేరు ప్రియదర్శిని. నేను ప్రస్తుతం హైదరాబాద్‌లో ఎంపీసీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చాను. నేను ఈ రోజు ఈ స్థితిలో ఉండడానికి మా పాఠశాలే కారణం. థాంక్యూ."

"శభాష్!" అన్నాడు సార్. ప్రేమల గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. సార్ బయటికి పోతూ దేవిదాస్ వీపు తట్టాడు. వాళ్లు సందు దాటకముందే ఆ వీడియో బడి గ్రూపుల్లోకి ఎక్కేసింది. దేవిదాస్ గుప్పిట్లో తాళంచెవి అలాగే ఉంది. దాని పళ్లు అరచేతిలో గుర్తులు పెట్టాయి. దాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు, ఇంకేం చేయాలో తెలియక.

ప్రియ కత్తిని తడిగుడ్డతో తుడుస్తోంది.

"గట్లెందుకు అన్నవ్ బిడ్డా? నేను చెప్పేటోన్నే గదా."

"తాళం పట్టుకొని నిలబడ్డవ్ గదా. నువ్వు అది ఆయన ముందల పడేస్తె రేపటి సంది ఏం చేస్తం? అమ్మ ఒక్కతి ఎన్ని బీడీలు చేస్తది?" తుడిచిన కత్తినే మళ్లీ తుడిచింది. "అయినా నువ్వు ఊరూర చెప్తున్నదే నేను చెప్పిన. మేడం వాట్సాప్ స్టేటస్‌ల వీడియో చూసిన. నువ్వు మంచిగ తల ఊపుతున్నవ్ బాపు."

వెటకారం కాదు. వెటకారమైతే దులుపుకునేవాడు. చెంప మీద కొట్టినట్టయింది. ఏదో ఒకటి చెప్పి ఆమెను నిలబెట్టాలన్న ఆత్రంలో అన్నాడు. "నేనన్నది అబద్ధమే. కానీ ఆ మార్కులు అబద్ధం గాదు గదా. గన్ని మార్కులు తెచ్చిన తెలివి ఏడికి పోతది? లెక్కలు మళ్ల వస్తయి."

ప్రియ కత్తి కింద పెట్టింది.

"అవి నావి గావు బాపు. లెక్కల పేపర్‌నాడు సగం జవాబులు ఒక సార్ వచ్చి చెప్పిండు. సైన్స్ నాడు గూడ. మా బడోళ్లందరికీ చెప్పిండ్రు. నాది రాత మంచిగుంటది, అందుకే నాకు జర ఎక్కువొచ్చినయి. గంతే."

దేవిదాస్ కూర్చుండిపోయాడు.

"హైదరాబాద్‌ల మొదటి టెస్టుల్నే నాకు ఏం రాదని తెలిసిపోయింది. అంతకుముందే నీకు చెప్పేదుండె. చెప్దామనే ఒకనాడు బడికొచ్చిన. నువ్వు బస్సు కడుగుతున్నవ్. నా ఫోటో మీద నీళ్లు జోరుగ పడొద్దని చేతితోని మెల్లగ తుడుస్తున్నవ్." ఆమె తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టింది. "ఎట్ల చెప్పాలె?"

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? సార్ మీదా, జవాబులు చెప్పినవాడి మీదా, రోజూ ఆ అద్దం తుడిచి మురిసిపోయిన తన మీదా? దేవిదాస్‌కు అందరి మీదా కోపం వచ్చింది, అందుకే ఎవరి మీదా చూపలేకపోయాడు. స్టూలు మీద కేకు ఉక్కకు కరుగుతోంది. సగం మొహం ఇంకా మిగిలి ఉంది. ప్రేమల వచ్చి దాన్ని పెట్టెతో సహా తీసుకుపోయి భూమవ్వ మనవలకు ఇచ్చేసింది.

శుక్రవారం పొద్దున ప్రియ తనంతట తానే లేచి తయారైంది. ఎవరూ అడగలేదు, అడిగితే ఎక్కడ మానేస్తుందోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టి తిరిగారు. ఎండకు ఆడపిల్లలు కట్టుకున్నట్టు మొహమంతా స్కార్ఫ్ చుట్టుకుంది. కళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

"పోదాం బాపు. బస్సు వద్దు."

దేవిదాస్ పక్కింటి మోతీలాల్ దగ్గర మోటార్ సైకిల్ అడిగి తెచ్చాడు. వెనక కూర్చున్న పిల్ల అతని చొక్కా పట్టుకుంది. కాలేజీ ఇంకా రెండు సందులుందనగా ఆపమంది. "ఈడికెళ్లి నడుస్త. నువ్వు వెనకకెళ్లి రా. కలిసి పోతే అందరు గుర్తుపడ్తరు." అతను బండి ఒక పక్కన పెట్టి, కొంచెం దూరంలో ఆమె వెనకే నడిచాడు. సొంత బిడ్డ వెనక దొంగలాగా నడవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

గేటు దగ్గర పిల్లలు వరస కట్టారు. ఒక ఆడమనిషి పిల్లల పేర్లు అడిగి, మొహాలు చూసి లోపలికి పంపుతోంది. తల్లిదండ్రులు గోడ నీడలో గుంపుగా నిలబడ్డారు. దేవిదాస్ కూడా వాళ్ల అంచున నిలబడ్డాడు. ప్రియ వరసలో ముందుకు జరుగుతోంది. గేటు అతనికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది.

"మొహం చూపియ్యాలమ్మా, స్కార్ఫ్ తియ్యి," అంది గేటు దగ్గరి ఆడమనిషి.

ప్రియ చేతులు మెడ వెనక్కి పోయాయి. ముడి గట్టిగా పడింది కాబోలు, వెంటనే రాలేదు. వరసలో వెనకున్న పిల్లలు విసుక్కున్నారు. చివరికి స్కార్ఫ్ జారింది.

దేవిదాస్ పక్కనున్నాయన మెడ సాచాడు. ఏదో ఊరి రైతు. తలకు తువ్వాలు చుట్టుకుని, కొడుకు పరీక్ష కోసం వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది. "ఓ అన్నా, గా పిల్ల బస్సు మీదున్న పిల్ల లెక్క లేదా? మొన్న వీడియో గూడ వచ్చింది సూడు, కేకు కోసింది. గా పిల్లనే గదా? గీడ ఫెయిలైనోళ్ల పరీక్షల ఏం చేస్తున్నది?"

చుట్టూ నలుగురు తలలు తిప్పారు. ఇప్పుడు అవునంటే ఆ పిల్ల ఇక్కడి నుంచే వెనక్కి తిరిగి పరుగెత్తుతుందని దేవిదాస్ భయపడ్డాడు. బస్సు కూడా గుర్తొచ్చింది. రెండు భయాల్లో ఏది ముందు వచ్చిందో దేవుడికే తెలియాలి. నోరు మాత్రం ఆగలేదు. ఊరూరా విని విని నేర్చుకున్న మాట నున్నగా వచ్చేసింది.

"కాదన్నా. గా పిల్ల హైదరాబాద్‌ల ఉన్నది. ఈమె వేరే."

నాలుగు అడుగుల దూరంలో ప్రియ విన్నది. స్కార్ఫ్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏడుపు లేదు. దారిలో పోయే ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసింది. వెనక్కి వచ్చేస్తుందనుకున్నాడు దేవిదాస్. అంతా అయిపోయిందనుకున్నాడు.

"పేరు?" అంది గేటు దగ్గరి ఆడమనిషి.

"ప్రియదర్శిని." గుంపు మొత్తానికి వినపడేలా చెప్పింది. అడగకముందే ఇంకా చెప్పింది. "తండ్రి పేరు దేవిదాస్. బడిబస్సు నడుపుతడు. ఇగో, గోడ పొంటి నిలబడ్డడు గదా, ఆయననే. బస్సు మీదున్నది నేనే. లెక్కలల్ల ఫెయిలైన."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గేటు దగ్గరి ఆడమనిషి, "పో అమ్మా, లోపలికి పో," అంది. ప్రియ స్కార్ఫ్‌ను మడిచి సంచిలో పెట్టుకుంది. చెవుల దాకా ఉన్న జుట్టును వెనక్కి తోసుకుంది. మొహం మీద ఏమీ కప్పుకోకుండా, గేటు దాటి, ఎండలో నడుచుకుంటూ ఆవరణ అవతలికి పోయింది. వెనక్కి తిరగలేదు.

తువ్వాలు చుట్టుకున్నాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఈసారి మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "నీ బిడ్డనేనా అన్నా?"

"అవును," అన్నాడు దేవిదాస్. "నా బిడ్డనే."

ఆ మాట వినాల్సిన పిల్ల అప్పటికే వినిపించనంత దూరం పోయింది.